నల్లబండ దిగుడు

లారీ మీద నేను పనికి ఎక్కిన మొదటిరోజే మా ఆయన మూడు సంగతులు చెప్పాడు.

"బరువు ఎనుక ఇరుసుకు ముంగట ఉండాలె. కట్టిన మోకు కట్టినట్టే ఉంటదని ఇడిసిపెట్టొద్దు, జరసేపటికోసారి గుంజి సూడాలె. ఇగ మూడోది, తొవ్వల ఎవలన్న ఏదన్న అడిగితే నీకేం తెల్వది."

మొదటి రెండూ నాకు ముందే తెలుసు. మా నాయిన రఘునాథపల్లిలో ఎడ్లబండి తోలేవాడు. వెనక బరువెక్కువైతే కాడి పైకి లేచి ఎద్దు గొంతు ఎట్లా బిగుస్తుందో చిన్నప్పుడే చూశాను. మూడోది మాత్రం ఆ ఎండాకాలంలోనే నేర్చుకున్నాను.

అది పందొమ్మిది వందల యాభై. పోలీసు చర్య జరిగి, నిజాం దిగిపోయి, రెండో ఎండాకాలం. దొరల మీద తిరగబడ్డ సంఘం దళాలు జనగామ వైపు ఊళ్లు వదిలి కొత్తగూడ అడవుల్లోకి, అక్కడినుంచి భూపాలపల్లి దాకా పోయాయి. వాళ్ల వెనకాలే పోలీసు క్యాంపులు వచ్చాయి. అడవిలో దళాలు, అడవి అంచున క్యాంపులు, రెంటి మధ్యా ఒకటే బండ్లబాట. మా బతుకంతా ఆ బాట మీద.

లారీ మాది కాదు. మానుకోటలో విద్యాసాగర్రావు అనే కలప కంట్రాక్టరుది. పెద్ద యుద్ధం ముగిశాక మిలిటరీ వాళ్లు వేలంలో అమ్మేసిన చిన్న బండి. ఇప్పుడు పికప్పు అంటున్నారే, అట్లాంటిదే. ముందు ముగ్గురు ఇరుక్కుని కూర్చునే చోటు, వెనక చుట్టూ చెక్క పలకలు, పైన ఏమీ ఉండదు. పదిహేను బస్తాల బరువు మోస్తుంది. మా ఆయన పోశాలు పదహారో బస్తా ఎక్కనిచ్చేవాడు కాదు. "పోశాలు వట్టి పిరికోడు" అని రైలు స్టేషన్ దగ్గర డ్రైవర్లు నవ్వేవాళ్లు. ఆయన కూడా వాళ్లతో కలిసి నవ్వేవాడు. దిగుడు వచ్చిందంటే పైనే బండి ఆపి, టైర్లు తన్ని చూసి, మోకులు గుంజి చూసి, ఒక పెద్ద మొద్దును గొలుసుతో బండి వెనక కట్టించేవాడు. అది నేలను ఒరుసుకుంటూ వస్తుంటే, మొదటి గేరులో నత్తలాగా దిగేవాడు. బ్రేకు మీద ఆయనకు నమ్మకం లేదు.

నేను బండెక్కడానికి కారణం ఉంది. ఉన్న ఇద్దరు హమాలీల్లో కొమురెల్లిని ఉగాది ముందే క్యాంపు వాళ్లు పట్టుకుపోయారు. ఆ మాట చెవిన పడ్డ పూటే రెండోవాడు మొండయ్య పెళ్లాంబిడ్డల్ని తీసుకుని ఎటో వెళ్లిపోయాడు. కొత్త మనుషుల కోసం కంట్రాక్టరు ఎంత తిరిగినా ఒక్కరూ రాలేదు. చివరికి మా ఆయన ఇంట్లో అన్నం తింటూ, నా ముఖం చూడకుండా, "నువ్వు కడ్తవా ఉప్పలీ?" అని అడిగాడు. కడతానన్నాను. ఒక్కడే ఆ బాట మీద పోతుంటే నేను ఇంట్లో కూర్చుని చావలేకపోతున్నాను మరి.

అట్లా బయలుదేరిన పది రోజులకే దళం ఎదురైంది. మిట్టమధ్యాహ్నం, వెదురు పొదల్లోంచి ముగ్గురు తుపాకులతో బాట మీదికి వచ్చి నిలబడ్డారు. ముగ్గురూ బక్కచిక్కిపోయి ఉన్నారు. ఒకడి కాలికి కట్టు, దాని మీద ఈగలు.

"క్యాంపుకు బియ్యం మోసినవట గద" అన్నాడు కాలికి కట్టున్నవాడు.

"మోయకుంటే సంపుతరన్నా" అన్నాడు మా ఆయన.

"మోస్తే మేం ఊకుంటమా?"

కోపంగా అనలేదు. నిద్ర లేని మనిషి మాట్లాడినట్టు, మెల్లగా అన్నాడు. అందుకే నాకు ఎక్కువ భయమేసింది. కాసేపు మమ్మల్ని అట్లాగే నిలబెట్టి, "పోన్రి" అన్నాడు. మేము పోయాం.

మర్నాడు క్యాంపు ముందు అక్కడి పెద్ద జమేదారు మమ్మల్ని ఆపాడు. ఆయన కోస్తా మనిషి, పలచగా, ఎప్పుడూ ఇస్త్రీ చెడని బట్టల్లో ఉండేవాడు. గొంతు ఎప్పుడూ పెంచేవాడు కాదు.

"నిన్న అడవిలో ఎవరు కలిశారోయ్ మీకు?"

"ఎవ్వలు గలువలే సార్."

"ఎవ్వలు గలువలే" అని మా మాటను అచ్చం అట్లాగే అని చూపించి, పక్కనున్న పోలీసుల వైపు చూసి నవ్వాడు. వాళ్లూ నవ్వారు. తర్వాత నా వైపు తిరిగాడు. "నువ్వు చెప్పమ్మా."

"నాకేం తెల్వది" అన్నాను. ఆయన నన్ను చూస్తూనే ఉన్నాడు. క్యాంపు కంచె లోపల ఎవరిదో దగ్గు వినిపిస్తోంది. ఆ దగ్గు ఆగేదాకా చూసి, వెళ్లమని చేయి ఊపాడు. ఆ రోజునుంచి నాకు అన్నం సహించలేదు. ఇంజను కాస్త దగ్గితే చాలు, ఎవరో ఆపారనుకుని బాటకు అటూ ఇటూ వెతికేదాన్ని.

జ్యేష్ఠం వచ్చింది. వానల కోసం అందరూ ఆకాశం చూస్తున్న రోజుల్లో జమేదారు లారీని క్యాంపు పనికి పట్టాడు. కాదనడానికి కంట్రాక్టరుకే నోరు లేదు, మాకెక్కడిది? నల్లబండ గుట్ట మీద జాల్యా తండా అని ఉండేది. ఆ తండావాళ్లు దళాలకు అంబలి పోస్తున్నారని క్యాంపుకు అనుమానం. తండా మొత్తాన్ని ఖాళీ చేయించి, గుట్ట కింద క్యాంపు పక్కన వేసిన కంచెలోకి తేవాలి. అంతకు వారం ముందు ఇంకో తండాను అట్లాగే తెచ్చారు. అందులో ముగ్గురు మగవాళ్లను ఏదో అడగాలని బయటికి తీసుకుపోయారు. వాళ్లు తిరిగి రాలేదు. వాళ్ల పెళ్లాలు కంచె పట్టుకుని నిలబడి ఉండటం మేము పోతూ వస్తూ చూసేవాళ్లం.

మేము వెళ్లేసరికి తండాలో ఇరవైమూడు మందే మిగిలారు. ముసలివాళ్లు, ఆడవాళ్లు, పిల్లలు, నలుగురైదుగురు మగవాళ్లు. మా వెంట ఒక హవల్దారు, ముగ్గురు పోలీసులు. జొన్న బస్తాలు, ఇసుర్రాళ్లు, ఇత్తడి బిందెలు, గంపలు, బొంతలు అన్నీ బండికెక్కించాను. దాని మీద మనుషులు ఎక్కారు. తండా పెద్ద జాల్యా అరవై ఏళ్ల మనిషి. మోకు బిగిస్తున్న నా పక్కకు వచ్చి నిలబడ్డాడు.

"కంచె లోపట బర్లకు మేతుంటదా బిడ్డా?"

నేను మోకు ఇంకా గట్టిగా లాగాను. ఆయనకు అర్థమైంది. తలపాగా విప్పి ముఖం తుడుచుకుని, దేవ్యా అనే పడుచువాడికి వాళ్ల భాషలో ఏదో చెప్పాడు. దేవ్యా వాళ్ల అవ్వను వీపున బొంతతో కట్టుకున్నాడు. ఆమెకు నడుము పడిపోయి రెండేళ్లయిందట.

నల్లబండ దిగుడు మొదలయ్యే చోట మా ఆయన బండి ఆపాడు. ఆ దిగుడుకు రెండు మలుపులు. మొదటిది కుడికి తిరుగుతుంది, తిరగకపోతే ఎదురుగా మెత్తటి ఎర్రమట్టి కట్ట. రెండోది ఎడమకు తిరుగుతుంది, తిరగకపోతే ఎదురుగా ఏమీ లేదు, తాటిచెట్టు లోతు. రెండు మలుపుల మధ్య గుట్ట మీదినుంచి ఎండిపోయిన ఒర్రె, చిన్న వాగులాంటిది, ఒకటి వచ్చి బాటకు తగులుతుంది.

"ఏం, ఆపావేం?" అన్నాడు హవల్దారు.

"గింత బరువుతోని దిగదు సార్. మనుషులంత దిగి ఎనుక నడువాలె. సామాను నేను తీస్కపోత."

"దిగితే పారిపోతారయ్యా. నడుపు."

"బస్తాలు కట్టినకాడ ఉంటయి సార్. మనుషులు గట్ల ఉండరు. మలుపుల పిల్లలు భయపడి ఒక్క దిక్కు ఒరిగిండ్రంటే బండి గూడ ఒరుగుతది." మా ఆయన గొంతు సన్నగా, బతిమాలుతున్నట్టే ఉంది. "మీరు గూడ మీదనే ఉంటమంటే సరే సార్. నడుపుత."

హవల్దారు దిగుడు వైపు చూశాడు. ఆ అంచు వైపు చూశాడు. ముందు తానే కిందికి దిగాడు.

అందరూ దిగారు. నేను మొద్దును గొలుసుతో బండి వెనక కట్టాను. బండి కదిలింది. నా పని వెనక చక్రం పక్కనే నడవడం. జారితే టైరు కింద వేయడానికి చేతుల్లో ఒక రాయి. మొద్దు ఒరుసుకుంటుంటే ఎండిన ఎర్రమట్టి గోడలాగా లేచింది. పోలీసులకు ఊపిరాడలేదు. హవల్దారు ముందే నడుస్తున్నాడు, వెనక ఉండాల్సిన పోలీసులు కూడా తిట్టుకుంటూ బండి ముందుకు వచ్చేశారు.

మొదటి మలుపు దాటింది. దుమ్ములోంచి ఎవరో నా భుజానికి తగిలారు. చూస్తే జాల్యా. చంకలో ఒక పిల్ల, ఆ పిల్ల నోటికి ఆయన అరచేయి అడ్డం పెట్టి ఉంది. ఆయన వెనక దేవ్యా, వీపు మీద అవ్వ తల ఊగుతోంది. ఆ వెనక ఇంకా మసక మసకగా మనుషులు, ఒర్రె వైపు తిరుగుతున్నారు. జాల్యా నన్ను చూశాడు. నేను అరవాలి. అరవకపోతే నా మొగుణ్ని చంపుతారు. ఆ రెండూ నాకు తెలుసు. రాయి బరువుకు చేతులు లాగుతున్నాయి. నేను ముఖం చక్రం వైపు తిప్పుకుని నడిచాను.

కిందికి దిగాక బండి ఆగింది, దుమ్ము అణిగింది. బస్తాలున్నాయి. ఇసుర్రాళ్లున్నాయి, బిందెలున్నాయి. వెనక బాట మీద మాత్రం ఒక్క మనిషి లేడు.

పోలీసులు పైకి పరుగెత్తారు, తుపాకులు పేల్చారు. గుట్ట మీద నెమళ్లు అరిచాయి. అంతే.

మా ఆయనను క్యాంపు ముందు గుంజకు కట్టేశారు. రెండు రోజులు ఎండలో ఉంచారు. కొట్టినప్పుడల్లా ఆయన ఒకటే మాట అన్నాడు. "బరువెక్కువైంది సార్." నన్ను ఏమీ చేయలేదు. కంచె బయట కూర్చోబెట్టి చూడమన్నారు, అంతే. క్యాంపు జీపు డ్రైవరు ఒకడు, మీసాలు నెరిసిన మనిషి, ఎవరూ చూడనప్పుడు రెండుసార్లు మా ఆయన నోట్లో నీళ్లు పోశాడు.

మూడో రోజు పొద్దున విద్యాసాగర్రావు వచ్చాడు. బండి విడిపించుకోవాలని ఆయన ఆత్రం. చెడ్డవాడు కాదు, మా ఆయనను కూడా విడిపిద్దామనే అనుకున్నాడు. నోరే కీడు తెచ్చింది.

"మా పోశాలు అట్లాంటివాడు కాదు సార్. మంచి పనిమంతుడు. పోయినేడు గిదే దిగుడుల ఇంతకంటె ఎక్కువ దుంగలు దింపిండు."

జమేదారు కుర్చీలోంచి ముందుకు వంగాడు. "ఇంతకంటే ఎక్కువా?"

కంట్రాక్టరు ముఖం పాలిపోయింది. అన్న మాట వెనక్కి తీసుకోలేడు. అది నిజమే. ఒకే ఒక్కసారి, ఆయన బలవంతం మీదనే మా ఆయన అట్లా దించాడు. వచ్చాక రెండు రోజులు జ్వరంతో పడుకున్నాడు.

"అప్పుడు దిగిందేదో దిగింది సార్" అన్నాడు మా ఆయన గుంజ దగ్గరినుంచి. పెదవులు పగిలి మాట సరిగ్గా రావటం లేదు. "మల్ల దిగుతదని జెప్పలేను."

"చెప్పొద్దులే. చూద్దాం." జమేదారు లేచాడు. "అదే సామాను. ఆ ఇరవైమూడు మందికి బదులు దుంగలు. మొద్దు కట్టుకో, నీ పద్ధతిలోనే దించు. దిగలేదా, నీ మాట నిజం, ఇంటికి పో. దిగిందా..." మాట పూర్తి చేయకుండా చేతి గడియారం చూసుకున్నాడు. "నువ్వు కావాలని గుద్దకుండా మా డ్రైవరు పక్కన కూర్చుంటాడు. నీ కాళ్లూ చేతులూ చూస్తుంటాడు."

సామానుతో సహా బండిని గుట్ట మీదికి తీసుకుపోయి, మళ్లీ సర్దడానికి అన్నీ దించారు. అక్కడ కంట్రాక్టరు కొట్టించిన టేకు దుంగలు దొంతరగా ఉన్నాయి. కంచె లోపలినుంచి నలుగురిని మోయడానికి తెచ్చారు. మా ఆయనను దూరంగా ఇప్పచెట్టు కింద కూర్చోబెట్టి పక్కన ఒక పోలీసును పెట్టారు. నన్ను ఆయన దగ్గరికి పోనివ్వలేదు. మాట్లాడనివ్వలేదు.

"పేర్చమ్మా" అన్నాడు హవల్దారు.

ఆ నలుగురూ నా ముఖం చూస్తున్నారు. నా కళ్ల ముందు ఒకటే ఉంది. ఈ బరువును మా ఆయన దించగలడు. చావగొట్టినా ఆయన చేతులకు ఆ పని తెలుసు, తప్పుగా చేయడం వాటికి రాదు. పక్కన కూర్చున్నవాడు కాళ్లు చూస్తుంటాడు. క్షేమంగా దిగుతాడు. దిగగానే చంపుతారు.

బస్తాలు ముందుకు వేయబోతున్నవాళ్లను ఆపాను.

"ఎనుకకెయ్యున్రి" అన్నాను.

నా గొంతు నాకే వినిపించలేదు. మళ్లీ అన్నాను. బస్తాలు వెనక తలుపుకు ఆనించి వేయించాను. ఇసుర్రాళ్లు వాటి పక్కన. దుంగలు పైన, ముందర మూరెడు ఖాళీ వదిలి, తోకలు వెనకకు బారెడు పొడుచుకొచ్చేట్టు పేర్పించాను. ఖాళీలో వట్టి గంపలు, బొంతలు కుక్కాను. బరువంతా ఇరుసుకు వెనకపడితే ముందు చక్రాలు తేలిపోతాయి. స్టీరింగు తిరుగుతుంది గానీ బండి తిరగదు. మొదటి మలుపులోనే తిరగకపోతే మెత్తటి మట్టికట్ట. అక్కడ ఎట్లాగో తిరిగి, రెండో మలుపులో తిరగకపోతే? నేను ఆలోచించడం ఆపేశాను. ఇంకో భయం మొదలైంది. కట్టకు గుద్దుకుంటే దుంగలు ముందుకు దూకుతాయి. ముందు కూర్చున్న ఇద్దరి వెన్నులూ విరుగుతాయి. మోకులు రెండు పేటలు వేసి, ఒక్కో దుంగను వెనక తలుపు కొక్కేలకు లాగి కట్టాను. అరచేతులు కోసుకుపోయి మోకు ఎర్రబడింది.

జీపు డ్రైవరు బండి చుట్టూ తిరిగాడు. వెనక ఆగాడు. పొడుచుకొచ్చిన దుంగల మీద చెయ్యి పెట్టాడు.

"వెనక ఎక్కువ కాలేదా అమ్మా?"

జమేదారు జీపు పక్కన నిలబడి మా వైపే చూస్తున్నాడు. దుంగలు పొడుగు అని చెబుదామనుకున్నాను.

అప్పటికే మా ఆయనను లేపి తెస్తున్నారు. ఆ ప్రశ్న ఆయన విన్నాడు. బండి పక్కన ఆగి, బరువు వైపు ముందునుంచి వెనకదాకా ఒకసారి చూశాడు. ఆయన చూపు ఆ గంపల దగ్గర ఆగింది. నా ముఖం వైపు మాత్రం చూడలేదు.

"మేం గట్లనే కడ్తం సార్" అన్నాడు.

వాచిన చేత్తో ఒక మోకును పట్టి గుంజి చూసి, ముందుకు నడిచి ఎక్కి కూర్చున్నాడు.

జీపు డ్రైవరు ఇంకోసారి దుంగల వైపు చూసి, తానూ ఎక్కాడు. నేను రాయి తీసుకుని వెనక చక్రం పక్కన నిలబడ్డాను. మా ఆయనకు నీళ్లు పోసినవాడే ఆ పక్క సీట్లో ఉన్నాడని అప్పుడు తట్టింది. దిగిపొమ్మని ఎట్లా చెప్పను?

బండి కదిలింది. మొద్దు ఒరుసుకుంటోంది, దుమ్ము లేస్తోంది. ముందు చక్రాలు నాకు కనపడటం లేదు. మలుపు వచ్చింది. ఇంజను మోత మారలేదు, ఆయన తొందరపడలేదు. బండి కుడికి తిరిగినట్టే అనిపించింది. తిరుగుతోంది, అయ్యో తిరుగుతోంది అనుకున్నాను. ఆ ఒక్క క్షణం నేను మొక్కని దేవుడు లేడు. అంతలో ముందు భాగం ఒక రాయి మీద ఎగిరింది, ఎగిరి దిగలేదు. తేలిపోతూ నేరుగా పోయింది.

పెద్ద చప్పుడేమీ కాలేదు. గడ్డివామి కూలినట్టు కట్ట మీది మట్టి జారిపడింది. తర్వాత టప్పున ఒకటి వినపడింది. అది మోకు తెగిన చప్పుడని నాకు వెంటనే తెలిసింది.

పరుగెత్తాను. తొమ్మిది దుంగల్లో ఎనిమిది కట్టినచోటే ఉన్నాయి. ఒక్కటి గంపల్ని నుగ్గు చేసి, సీటు వెనక పలక చీల్చుకుని పోయింది. మా ఆయన కుడి భుజం దాని కింద ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి.

జీపు డ్రైవరు నుదురు పగిలి రక్తం కారుతుంటే రెండో పక్కనుంచి దిగాడు. జమేదారు దిగి వచ్చేదాకా నిలబడి, అటెన్షన్‌లోనే చెప్పాడు.

"కాళ్లు చూశాను సార్. చేతులు చూశాను. ఇతను సరిగ్గానే తిప్పాడు. బండి తిరగలేదు. బరువే సార్."

జమేదారు దుంగల వైపు చూశాడు. నా అరచేతుల వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. నేను చేతులు కొంగులో దాచుకోలేదు, దాచుకుంటే తెలిసిపోతుందనిపించింది.

"తీసుకుపొండి" అన్నాడు చివరికి. ఎవరిని, ఎక్కడికి అన్నది అర్థం కాక నేను అట్లాగే నిలబడిపోయాను. జీపు డ్రైవరే నా భుజం తట్టి, "దవాఖానాకమ్మా, దవాఖానాకు" అన్నాడు.

మానుకోట దవాఖానలో ఇరవై రోజులున్నాం. భుజం ఎముక మూడు ముక్కలైంది. చెయ్యి మిగిలింది గానీ పైకి లేవదన్నారు, స్టీరింగు పట్టడం ఇక లేదన్నారు. జాల్యా తండావాళ్లు భూపాలపల్లి అడవుల్లోకి పోయారని ఒకరు, మధ్యలోనే దొరికిపోయారని ఇంకొకరు అన్నారు. ఏది నిజమో మాకు ఈనాటికీ తెలియదు.

వాన మొదలైన రోజు అది. పెంకుల మీద చప్పుడుకు పక్క మంచాల వాళ్లంతా లేచి కిటికీల దగ్గరికి పోయారు. మా ఆయన దగ్గర నేనొక్కదాన్నే ఉన్నాను. ఇన్ని రోజులూ నాలుక చివర ఉన్నది అడిగేశాను.

"ఆనాడు తండోళ్లను దింపింది బరువుకేనా?"

ఆయన పైకప్పు వైపు చూస్తూ ఉన్నాడు.

"బరువుకే" అన్నాడు. "దుమ్ముల నాకేం కానరాలే. నీకేమన్న కానొచ్చిందా?" అని అడిగాడు.

"నాకేం కానరాలే" అన్నాను.

ఆయన తల ఊపాడు. వాన హోరు పెరిగింది. నిద్రపోయాడనుకున్నాను. ఎడమ చెయ్యి జరిపి నా చేతిని వెతికి పట్టుకున్నాడు. అరచేతిలో మోకు కోసిన గాట్లు ఇంకా మానలేదు. వాటి మీద బొటనవేలితో మెల్లగా నిమిరాడు.

"ముంగట ఎంత జాగ ఇడిసినవ్?"

"మూరెడు."

"జానెడు సాలు ఉప్పలీ" అన్నాడు. "జానెడైతే దుంగకు ఉరుకు రాదు."

నేను ఆయన మంచం పట్టె మీద తల పెట్టి ఏడ్చాను. ఆయన నా చెయ్యి వదల్లేదు. పక్క మంచాల వాళ్లు వాన చూసి తిరిగి వచ్చి, ఏమైందమ్మా, నొప్పి ఎక్కువైందా అని అడిగారు. నొప్పేం లేదని ఆయనే చెప్పాడు.